నైట్రేట్ 60 నుంచి 8కి: కూకట్‌పల్లి ఇంట్లో ఉప్పునీటి ట్యాంక్‌కు రెఫ్యూజియం పెట్టిన కేసు

ట్యాంక్ 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. కింద క్యాబినెట్‌లో 3 అడుగుల సంప్, అంటే ట్యాంక్ నీళ్లు దిగి శుభ్రమై పంప్ ద్వారా మళ్లీ పైకి వెళ్లే రెండో తొట్టి. రాళ్లు, ఇసుక పోగా రెండింటిలో కలిపి అసలు నీళ్లు 400 లీటర్ల దాకా ఉంటాయి. ఇల్లు కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్, ట్యాంక్ పెట్టి రెండేళ్లు దాటింది. ఒక జత క్లౌన్‌ఫిష్, ఒక సెయిల్‌ఫిన్ టాంగ్, నాలుగు డామ్సెల్స్, ఒక బ్లెన్నీ, రెండు క్లీనర్ ష్రింప్‌లు, పువ్వులా కనిపించే సముద్ర జీవి బబుల్ టిప్ ఎనిమోన్ ఒకటి. సెయిల్‌ఫిన్ పెద్దదయ్యాక ఈ ట్యాంక్ దానికి చాలదు, ఆ మాట యజమానికి మొదటి రోజే చెప్పాను, ఆయనకూ తెలుసు.

ఆయన నన్ను పిలిచింది నైట్రేట్, అంటే చేపల తిండి, వ్యర్థాల నుంచి నీళ్లలో చివరికి పోగయ్యేది, తగ్గించడానికి కాదు. రాళ్ల మీద జుట్టులా పెరిగే పచ్చ నాచు పోవడం లేదని పిలిచారు. వారం వారం టూత్‌బ్రష్‌తో గీకి తీస్తున్నారు, మళ్లీ వస్తోంది. దాంతో పాటు ఇంకో కోరిక కూడా ఉంది, ఎప్పటికైనా ఒక మ్యాండరిన్ చేప పెంచాలని. ఈ రెండూ వేర్వేరు విషయాల్లా కనిపిస్తాయి కానీ రెండింటికీ జవాబు ఒకే చోట, రెఫ్యూజియంలో, అంటే చేపలు లేకుండా నాచు పెంచే విడి గదిలో, ఉంది కాబట్టే ఈ కేసును పూర్తిగా రాస్తున్నాను.

మొదటి రోజు రీడింగులు: ఉప్పు 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35), వేడి 27 డిగ్రీలు, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే శక్తి) దాని కొలత ప్రకారం 7.5 డీకేహెచ్, పీహెచ్ పొద్దున 7.7, రాత్రి లైట్లు ఆర్పే ముందు 8.0. నాచుకు ఎరువులా పనిచేసే రెండింటిలో ఫాస్ఫేట్ 0.4 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), నైట్రేట్ 60. నైట్రేట్ ఇంత ఎక్కువున్నప్పుడు కిట్ రంగు చూసి 50 అనాలో 100 అనాలో తేలదు. అందుకే ట్యాంక్ నీళ్లు ఒక వంతు, ఆర్‌ఓ డీఐ నీళ్లు (ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాలు కూడా తీసేసినవి) మూడు వంతులు కలిపి టెస్ట్ చేసి, వచ్చిన అంకెను నాలుగుతో గుణించాను. ఇది అందరూ చేయాల్సిన పని. లేకపోతే తర్వాత తగ్గిందో లేదో కూడా తెలియదు.

నీళ్లు మారుస్తున్నా 60 దగ్గరే ఎందుకు ఆగింది

ఆయన బద్ధకంగా ఉన్న మనిషి కాదు. నెల నెలా తప్పకుండా 20 శాతం, అంటే 80 లీటర్లు మారుస్తున్నారు, దానికి 3 కిలోల ఉప్పు కలుపుతున్నారు. అయినా నైట్రేట్ 60 కిందికి రావడం లేదని ఆయనకు ఒకటే టెన్షన్. లెక్క చూస్తే ఇందులో వింతేమీ లేదు. ఆ ట్యాంక్‌లో నెలకు నైట్రేట్ 12 పీపీఎం చొప్పున పెరుగుతోంది. 60 ఉన్నప్పుడు 20 శాతం మారిస్తే 12 తగ్గి 48 అవుతుంది, నెల తిరిగేసరికి ఆ 12 మళ్లీ చేరి 60 అవుతుంది. ఇలా ఎన్నేళ్లు మార్చినా అక్కడే తిరుగుతుంది. నీళ్ల మార్పుతోనే దాన్ని 15 దాటకుండా ఉంచాలంటే నెలకు 80 శాతం మార్చాలి. ఉప్పు ఖర్చు మాట అటుంచితే, అంత నీళ్లు ఒక్కసారి మారిస్తే ఎనిమోన్ తట్టుకోదు.

కాబట్టి ముందు చూడాల్సింది ఆ 12 ఎక్కడి నుంచి వస్తోందన్నది. ఒకటి, తిండి. ఫ్రోజెన్ ష్రింప్ క్యూబులను గ్లాసులో కరిగించి ఆ నీళ్లతో సహా పోస్తున్నారు. రెండు, ఇంట్లో తాగే నీళ్ల ఆర్‌ఓ. ఇది చాలామందికి తట్టని విషయం. మన ఇళ్లలో వాడే ప్యూరిఫయర్లలో రుచి కోసం టీడీఎస్ అడ్జస్టర్ ఉంటుంది, అది ఫిల్టర్ అయిన నీళ్లలో కొంచెం పచ్చి నీళ్లు కలుపుతుంది. ఈ ఇంట్లో మీటర్ పెడితే 70 చూపించింది. అపార్ట్‌మెంట్‌లో వచ్చేది బోరు నీళ్లు, మున్సిపల్ నీళ్లు కలిపినవి. తెలంగాణలో చాలా చోట్ల భూగర్భ జలాల్లో నైట్రేట్ తాగునీటి పరిమితి అయిన 45 మిల్లీగ్రాములు దాటుతోందని ప్రభుత్వ నివేదికలే చెబుతున్నాయి. ఆవిరైన నీటి బదులు రోజూ అలాంటి నీళ్లు పోస్తూ ఉంటే అందులో ఉన్నవన్నీ ట్యాంక్‌లోనే పోగవుతాయి, ఎందుకంటే ఆవిరయ్యేది నీరు మాత్రమే. మూడు, సంప్ మధ్య గదిలో బయో బాల్స్ (బ్యాక్టీరియా పెరగడానికి వేసే ప్లాస్టిక్ బంతులు), వాటి కింద స్పాంజి, ఆ స్పాంజిలో రెండేళ్ల మురికి.

తాగే నీళ్ల ఆర్‌ఓ జోలికి పోకుండా, ట్యాంక్ కోసం విడిగా డీఐ ఉన్న ఆర్‌ఓ పెట్టించాం, టీడీఎస్ సున్నా. క్యూబులను టీ వడపోసే జల్లెడలో వేసి కడిగి వేయడం మొదలుపెట్టారు. ఈ రెంటితోనే నెలకు 12 కాస్తా 8 దగ్గరకు వచ్చింది. రెఫ్యూజియం గురించి అడిగే ప్రతి ఒక్కరికీ నేను ముందు చెప్పేది ఇదే: వచ్చేది ఆపకుండా పోయే దారి వెతకొద్దు.

రెఫ్యూజియమే ఎందుకు

నైట్రేట్ తగ్గించడానికి వేరే దారులు లేకపోలేదు. కార్బన్ డోసింగ్, అంటే వెనిగర్ లాంటిది పోసి నైట్రేట్ తినే బ్యాక్టీరియాను పెంచడం, పనిచేస్తుంది, చవక కూడా. కానీ బ్యాక్టీరియా పెరిగేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ లాగేస్తుంది, డోస్ కాస్త ఎక్కువై అదే రాత్రి కరెంటు పోయిందంటే పొద్దునకు చేపలు మిగలవు. ఈ ఇంట్లో రిటర్న్ పంప్‌కు (సంప్ నీళ్లను పైకి పంపేది) అప్పటికి ఇన్వర్టర్ కనెక్షన్ కూడా లేదు. అదీ కాక ఆయన మ్యాండరిన్ కోరిక కార్బన్ డోసింగ్‌తో తీరదు.

మ్యాండరిన్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. క్లౌన్‌ఫిష్ మన దేశంలోనే హ్యాచరీల్లో పుట్టి పెరుగుతోంది, సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు దాని పెంపకం పద్ధతిని తయారుచేసి రైతులకు, మత్స్యకార మహిళలకు నేర్పించారు. అలా పుట్టిన చేప పెల్లెట్ వేస్తే తింటుంది. మ్యాండరిన్ మాత్రం ఎక్కువగా సముద్రంలో పట్టి తెచ్చేదే. అది రోజంతా రాళ్ల మీద తిరుగుతూ కోపీపాడ్‌లు అనే చిన్న చిన్న ప్రాణులను ఒక్కొక్కటే ఏరుకు తింటుంది. మన ట్యాంకుల్లో ఆ ప్రాణులు తక్కువ, దానికి కారణం ఉంది. రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, మన తీరంలో పగడపు దిబ్బల నుంచి రాయి ఏరడం నేరం. అది అలాగే ఉండాలి, ఈ హాబీ కోసం మన్నార్ సింధుశాఖ దిబ్బలు పాడవ్వకూడదు. అందుకని ఇక్కడ వాడేది పొడి రాయి, సిరామిక్ రాయి. అవి శుభ్రంగా ఉంటాయి కానీ లోపల ప్రాణం ఉండదు. కోపీపాడ్‌లు ఉండాలంటే మనమే తెచ్చి, చేపల నోటికి దొరక్కుండా పెరగడానికి ఒక చోటు ఇవ్వాలి. ఆ చోటే రెఫ్యూజియం. ట్యాంక్ నీరే అక్కడికి వస్తుంది, వెళ్తుంది, కానీ చేపలు ఉండవు. అందులో నాచు పెంచితే అది నైట్రేట్, ఫాస్ఫేట్ తాగుతుంది, ఆ నాచు సందుల్లో కోపీపాడ్‌లు, వాటికన్నా కాస్త పెద్దవైన ఆంఫిపాడ్‌లు పిల్లలు పెడతాయి, కొన్ని పంప్ ద్వారా పైకి ట్యాంక్‌లోకి పోతాయి. నాచుతో నీటిని శుద్ధి చేయడమన్న ఆలోచన కొత్తదేమీ కాదు, అమెరికాలో స్మిత్సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ 1980ల నాటికే పగడపు ట్యాంకులను నాచు పలకలతో నడిపి చూపించారు.

ఎంత నాచు కావాలి

ఇది ఎవరూ లెక్కేయరు, వేస్తే ఓపిక దానంతట అదే వస్తుంది. 400 లీటర్లలో నైట్రేట్ 60 నుంచి 10కి రావాలంటే 20 గ్రాముల నైట్రేట్ బయటకు పోవాలి, అందులో నత్రజని నాలుగున్నర గ్రాములు. నాచును గట్టిగా పిండి తూచితే ఎండాక అందులో పదో వంతు మిగులుతుందని, ఎండినదానిలో నత్రజని రెండు మూడు శాతం ఉంటుందని అనుకుందాం. అప్పుడు ఆ నాలుగున్నర గ్రాములకు ఒకటిన్నర నుంచి రెండుంపావు కిలోల పచ్చి నాచు పెరగాలి. ఇది పాత బాకీ మాత్రమే. నెలనెలా కొత్తగా చేరే 8 పీపీఎం కోసం ఇంకో పావు కిలో నుంచి 350 గ్రాములు. ఇది ఉరామరి లెక్కే, కానీ నాలుగు రోజుల్లో అద్భుతం జరగదని అర్థం చేసుకోవడానికి చాలు.

ఇంకో మాట, దీని మీదే మొత్తం ఆధారపడి ఉంది. నాచు పెరిగినంత మాత్రాన నైట్రేట్ ట్యాంక్ నుంచి పోయినట్టు కాదు. అది నీళ్లలోంచి నాచులోకి మారిందంతే. ఆ నాచును కోసి బయట పడేసినప్పుడే పోతుంది. కోయకుండా వదిలేస్తే గది నిండిపోయి, కింది భాగానికి వెలుతురు అందక కుళ్లి, తాగినదంతా మళ్లీ నీళ్లలోకే వదులుతుంది. నేను చూసిన "పనిచేయని" రెఫ్యూజియంలలో ఎక్కువ భాగం ఇలా కోయకుండా వదిలేసినవే.

కట్టింది ఇలా

సంప్‌లో మూడు గదులు. మొదటి దానిలో సాక్ (మురికి పట్టే గుడ్డ సంచి), స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం). మధ్యలో బయో బాల్స్. చివర రిటర్న్ పంప్. కొత్త సంప్ కొనాలని ఆయన సిద్ధపడ్డారు కానీ అవసరం లేదనిపించింది. మధ్య గది 40 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, నీటి మట్టం 25, అంటే 40 లీటర్లు. మొత్తం నీటిలో పదో వంతు, ఇలాంటి చేపల ట్యాంక్‌కు సరిపోతుంది. బయో బాల్స్ ఒకేసారి తీసేస్తే వాటి మీదున్న బ్యాక్టీరియా పోయి అమ్మోనియా పెరిగే ప్రమాదం ఉంది. అందుకే వారానికి మూడో వంతు చొప్పున తీయించాను, ప్రతిసారీ అమ్మోనియా చూసుకుంటూ. స్పాంజి మాత్రం మొదటి రోజే చెత్తబుట్టకు పోయింది.

గది చివర, రిటర్న్ పంప్ వైపు, ఫాల్స్ సీలింగ్ లైట్ల కింద వాడే ప్లాస్టిక్ గడుల షీట్ కోసి అడ్డం పెట్టాం. దీన్నే మన వాళ్లు ఎగ్ క్రేట్ అంటారు. ఇది లేకపోతే నాచు పోగులు పంప్‌లోకి పోయి చుట్టుకుంటాయి. ఈ గడులు మూసుకుపోతే నీరు పొంగే అవకాశం ఉంది కాబట్టి షీట్ పైఅంచును నీటి మట్టానికి కొంచెం పైనే ఆపాను, అడ్డుపడితే నీరు దాని మీదుగా దాటిపోతుంది. కరెంటు పోయినప్పుడు పైట్యాంక్ నుంచి సంప్‌లోకి ఎంత దిగుతుందో కూడా పంప్ ఆపి చూశాం, అంచుకు ఇంకా జాగా మిగిలింది. రిటర్న్ పంప్‌కు ఇన్వర్టర్ లైన్ కూడా అప్పుడే ఇప్పించాం.

అడుగున ఇసుక గానీ మట్టి గానీ వేయలేదు. వేసేవాళ్లు ఉన్నారు, దానికి వాళ్ల కారణాలు ఉన్నాయి. నా అభిప్రాయం మాత్రం సంప్ అడుగు ఖాళీగా ఉంటే పేరుకున్న మురికి కనిపిస్తుంది, సన్న పైపుతో లాగేయొచ్చు. కోపీపాడ్‌ల కోసం చిన్న రాతి ముక్కలు ఒక ప్లాస్టిక్ బుట్టలో పెట్టాను, శుభ్రం చేసేటప్పుడు బుట్ట ఎత్తేస్తే సరిపోతుంది.

లైట్ 50 వాట్ల ఎల్‌ఈడీ, మొక్కల కోసం అమ్మే రకం, ఎరుపు, నీలం ఎక్కువ. అక్వేరియం పేరుతో అమ్మే ఖరీదైన లైట్లే కావాలన్న రూలేమీ లేదు. కానీ ఉప్పు తుంపరలు పడే చోటు కాబట్టి నీళ్లు చొరని బాడీ ఉన్నదే కొనాలి, వైరు సాకెట్ కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకెళ్లేలా కట్టాలి, లైన్‌కు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పనిసరి. ఇందులో రాజీ వద్దు, ఉప్పునీటితో కరెంటు షాక్ మామూలు షాక్ కాదు. గదికి రెండు పక్కలా నల్ల అక్రిలిక్ అడ్డం పెట్టాం, లేకపోతే స్కిమ్మర్ మీద, రిటర్న్ గదిలో కూడా నాచు పడుతుంది. క్యాబినెట్ వెనక చిన్న ఫ్యాన్, వేడి బయటకు పోవడానికి. లైట్, ఫ్యాన్, అక్రిలిక్, టైమర్ కలిపి ఖర్చు ఏడెనిమిది వేలలో అయిపోయింది.

నాచు కోసం చీటోమార్ఫా, అందరూ చీటో అనేదే. గట్టి పచ్చ దారాల ఉండలా ఉంటుంది, దేనికీ అంటుకోదు, కోయడం తేలిక. కాలెర్పా చూడ్డానికి అందంగా ఉంటుంది, చాలామంది దాన్నే అడుగుతారు. నేను పెట్టను. దానికి ఒక గుణం ఉంది, ఒత్తిడికి గురైతే బీజకణాలు వదిలి రాత్రికి రాత్రే తెల్లబడి చచ్చిపోతుంది, నీళ్లు పాలలా మారతాయి, ఆక్సిజన్ పడిపోతుంది, అప్పటిదాకా తాగిన నైట్రేట్ అంతా తిరిగి నీళ్లలోకే వస్తుంది. మధ్యధరా సముద్రంలో 1984లో మొనాకో దగ్గర కనిపించిన ఒక కాలెర్పా జాతి ఆ తర్వాత వేల ఎకరాల సముద్రగర్భం ఆక్రమించింది. అంత మొండి నాచు కాలువల్లోకి, సముద్రంలోకి చేరే అవకాశమే ఇవ్వకూడదు. ఇక విశాఖ నుంచి కొందరు తీరం రాళ్ల మీద పెరిగే అల్వా తెచ్చుకోవచ్చా అని అడుగుతుంటారు. అల్వా మంచి నాచే, టాంగ్‌లు ఇష్టంగా తింటాయి. కానీ ఊరి మురుగు కలిసే తీరం నుంచి తెచ్చింది ఇంట్లో ట్యాంక్‌లో వేయొద్దు.

చీటో ఇంకొకరి ట్యాంక్ నుంచి వస్తే దాంతో పాటు ఐప్టేసియా (కలుపులా పాకే చిన్న ఎనిమోన్), తెల్లమచ్చల జబ్బు పరాన్నజీవి రెండూ రావచ్చు. అందుకే నా దగ్గర చేపలు లేని టబ్‌లో ఎప్పుడూ కొంత పెంచుతూ ఉంటాను, కోపీపాడ్‌లు కూడా అందులోనే ఉంటాయి. బయట నుంచి తెచ్చుకునేవాళ్లు చేపలు లేని బకెట్‌లో, వెలుతురు, గాలి ఇచ్చి రెండున్నర నెలలు ఉంచితే నిశ్చింత. ట్యాంక్‌లో ఎప్పుడైనా రాగి మందు వాడారా అని కూడా అడిగి తెలుసుకున్నాను, రాగి ఉంటే కోపీపాడ్‌లు బతకవు. వాడలేదు, మందులన్నీ వేరే టబ్‌లో వేశారట. పిండి తూచిన 200 గ్రాముల చీటోతో మొదలుపెట్టాం.

లైట్ రాత్రే ఎందుకు

రెఫ్యూజియం లైట్ రాత్రి 9 నుంచి ఉదయం 9 వరకు, పైట్యాంక్ లైట్ ఆరాక. దీనికి కారణం భీమవరం, ఉండి వైపు రొయ్యల చెరువులు చూసినవాళ్లకు ఒక్క ముక్కలో అర్థమవుతుంది. పగలు నీటిలో తేలే సూక్ష్మ నాచు, అంటే ప్లాంక్టన్, ఎండకు కార్బన్ డయాక్సైడ్ తాగి ఆక్సిజన్ ఇస్తుంది, పీహెచ్ పెరుగుతుంది. రాత్రి అదే ప్లాంక్టన్ రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీలుస్తుంది, తెల్లవారుజామున డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్ రెండూ అడుగంటుతాయి, అందుకే ఆ టైమ్‌లో ఏరేటర్లు ఆపరు. ఇంట్లో ట్యాంక్‌లోనూ జరిగేది అచ్చం అదే, కాకపోతే చిన్న స్థాయిలో. పైట్యాంక్ చీకట్లో ఉన్నప్పుడు కింద నాచుకు వెలుతురు ఇస్తే ఆ పడిపోవడం తగ్గుతుంది. ఈ కేసులో పొద్దున 7.7 ఉండే పీహెచ్ నాచు నిలదొక్కుకున్నాక 7.9 అయింది. ఏసీ వేసి కిటికీలు మూసుకునే బెడ్‌రూమ్ పక్క హాల్ అది, మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్ అంతా గదిలోనే తిరుగుతుంది. స్కిమ్మర్ గాలి పైపును బాల్కనీలోకి పొడిగించాక ఇంకొంచెం మెరుగైంది.

నడిచిన తీరు

మొదటి రెండు మూడు వారాలు చూసేవాళ్లకు నిరాశే. చీటో మీద గోధుమ రంగు పొర పట్టింది. వారానికోసారి ట్యాంక్ నీళ్లున్న బకెట్‌లో జాడించి, ఉండను తిప్పి పెట్టమన్నాను. నైట్రేట్ కదల్లేదు, పైన రాళ్ల మీద నాచూ తగ్గలేదు. ఇక్కడే చాలామంది లైట్ మార్చేస్తారు, లేకపోతే ఏదో మందు పోస్తారు. మేం ఏమీ మార్చలేదు. ఒక నెల దాటాక ఉండ గట్టిపడింది, రంగు తేరింది, తర్వాత పెరుగుదల కంటికి కనిపించింది. గది నిండబోతుంటే సగం కోయడం, పిండి, వంటింటి కాటా మీద తూచి పుస్తకంలో రాయడం. తూచడం అలవాటు చేయమని అందరికీ చెబుతాను. టెస్ట్ కిట్ ఒకరోజు అటూ ఇటూ చూపిస్తుంది, నాచు బరువు మాత్రం అబద్ధం చెప్పదు. కోసింది ఎండబెట్టి చెత్తలో వేయాలి, డ్రైనేజీలో గానీ చెరువులో గానీ పడేయొద్దు.

రెండున్నర నెలలకు నైట్రేట్ 32. కోసిన చీటో మొత్తం కిలో దాటింది. నెలకు 20 శాతం నీళ్ల మార్పు ఆపలేదు, తగ్గినదాంట్లో దాని వాటా కూడా పెద్దదే, అంతా నాచు ఘనతే అనుకోకూడదు.

అప్పుడు పెరుగుదల ఆగిపోయింది. ఉండ పాలిపోయి, చేత్తో పట్టుకుంటే పుటుక్కున తెగుతోంది. నైట్రేట్ ఇంకా 32 దగ్గరే ఉంది, అంటే తిండి ఉన్నా తినడం లేదు. ఫాస్ఫేట్ చూస్తే 0.02. సంప్‌లో ఒక రియాక్టర్ ఉంది, అందులో జీఎఫ్ఓ, అంటే ఫాస్ఫేట్‌ను పట్టుకునే తుప్పు రంగు గింజలు. ఫాస్ఫేట్ 0.4 ఉన్నప్పుడు దాన్ని కదపలేదు, 0.1 దగ్గరకు వచ్చాక తీసేద్దామన్నది మొదటి నుంచీ అనుకున్నదే. మధ్యలో యజమాని దాంట్లో కొత్త గింజలు నింపారు, మంచి ఉద్దేశంతోనే, పాతవి పనిచేయడం ఆగిపోయిందని.

నాచు పెరగడానికి నైట్రేట్ ఒక్కటే సరిపోదు, ఫాస్ఫేట్ కూడా కావాలి. సముద్రపు పెద్ద నాచుల్లో నత్రజని, ఫాస్ఫరస్ అణువుల నిష్పత్తి సగటున 30కి 1 దగ్గర ఉంటుంది. దీన్ని మన టెస్ట్ కిట్ భాషలోకి మారిస్తే సుమారు 20 పీపీఎం నైట్రేట్ తగ్గడానికి 1 పీపీఎం ఫాస్ఫేట్ కావాలి. ఆ 32 పీపీఎం పోవాలంటే ఒకటిన్నర పీపీఎం పైగా ఫాస్ఫేట్ కావాలి, నీళ్లలో ఉన్నదేమో 0.02. తిండి ద్వారా రోజూ వచ్చే ఫాస్ఫేట్ నాచుకు సరిపోయేదే, కానీ జీఎఫ్ఓ దాన్ని ముందే లాగేసుకుంటోంది. రియాక్టర్ ఆపించాను. రెండు వారాల్లో ఫాస్ఫేట్ 0.06కు వచ్చింది, పొడి రాళ్లలో ఇంకి ఉన్నది కూడా కొంత వదిలి ఉంటుంది. చీటో మళ్లీ పచ్చబడింది. దాంతో పాటు వారానికి ఒకసారి చాలా తక్కువ మోతాదులో ఐరన్ ఇచ్చాం, వేగంగా పెరిగే నాచు ఐరన్‌ను త్వరగా ఖాళీ చేస్తుంది. తిరిగి పెరగడానికి ముఖ్య కారణం మాత్రం ఫాస్ఫేటే అని నా నమ్మకం, ఐరన్ మొదలుపెట్టక ముందే రంగు మారడం కనిపించింది.

నైట్రేట్ ఎక్కువ, ఫాస్ఫేట్ సున్నా, నాచు పెరగడం లేదు. ఈ మూడూ కలిసి కనిపిస్తే ఎవరైనా సరే లైట్‌ను తిట్టుకునే ముందు ఫాస్ఫేట్ లాగే మీడియా ఏదైనా నడుస్తోందేమో చూసుకోండి.

ఆరో నెలకు నైట్రేట్ 8, ఫాస్ఫేట్ 0.05. ఆల్కలినిటీ మొదట 7.5 ఉండేది, అది 9 దాటింది, ఆల్కలినిటీ పెంచడానికి ఆయన వేసే బఫర్ పొడి మానేసినా. నాచు నైట్రేట్ తాగినప్పుడు ఆల్కలినిటీ తిరిగి వస్తుంది, 50 పీపీఎం నైట్రేట్‌కు రెండు డీకేహెచ్ పైనే. ఈ సంగతి తెలియక పాత డోస్ అలాగే వేస్తూ పోతే ఆల్కలినిటీ అనవసరంగా ఎక్కువైపోతుంది. రాళ్ల మీద జుట్టు నాచు నాలుగో నెల దాకా మొండిగానే ఉంది. చేత్తో తీయడం ఆపలేదు, టర్బో నత్తలు కొన్ని వేశాం, బ్లెన్నీ తన పని తాను చేసింది. ఆ తర్వాత తీసిన చోట మళ్లీ రావడం తగ్గింది. రెఫ్యూజియం పెట్టాం కదా ఇక పైనాచు దానంతట అదే పోతుందని చేతులు కట్టుకుని కూర్చుంటే పోదు.

ఇప్పుడున్న స్థితి

పాత నిల్వ కరిగిపోయాక లెక్క తిరగబడుతుంది. చేపల తిండిలో నత్రజనితో పోలిస్తే ఫాస్ఫరస్ నాచుకు కావలసినదాని కన్నా ఎక్కువే ఉంటుంది. అందువల్ల ఇకపై మెల్లగా పోగయ్యేది ఫాస్ఫేటే. ఏ జీఎఫ్ఓను ఆపించానో దాన్నే ఇప్పుడు తక్కువ పరిమాణంలో, ఫాస్ఫేట్ 0.1 దాటినప్పుడు మాత్రమే, కొన్ని రోజులు వాడమన్నాను. రెఫ్యూజియం లైట్ 12 గంటల నుంచి 8 గంటలకు తగ్గించాం. నైట్రేట్ 2 కిందికి, ఫాస్ఫేట్ కిట్‌లో కనిపించని స్థాయికి పడిపోతే డైనోఫ్లాజెలేట్‌లు (గోధుమ రంగు జిగురులా పరుచుకునే సూక్ష్మజీవులు) వచ్చే అవకాశం పెరుగుతుంది. వాటితో పోలిస్తే జుట్టు నాచు చాలా చిన్న సమస్య, నత్తలు కూడా చచ్చిపోతాయి. అంకె సున్నా చేయడం ఇక్కడ లక్ష్యం కాదు, ఐదు పది మధ్య నిలకడగా ఉంటే చాలు.

పండక్కి ఊరెళ్లేటప్పుడు ఏం చేయాలని ఆయన అడిగారు. వెళ్లే ముందు రోజు చీటో సగానికి పైగా కోసేయాలి, సాక్ మార్చాలి, ఎగ్ క్రేట్ గడులు బ్రష్‌తో రుద్దాలి, టాప్ అప్ డబ్బా (ఆవిరైన నీటి బదులు పోసే నీళ్లది) నింపాలి. లైట్ టైమర్ ముట్టుకోవద్దు.

మ్యాండరిన్‌ను ఇంకా తీసుకురాలేదు. రాత్రి లైట్లు ఆరిన గంటకు టార్చ్ వేస్తే రెఫ్యూజియం అద్దం మీద కోపీపాడ్‌లు చుక్కలు చుక్కలుగా పాకుతున్నాయి, పైట్యాంక్‌లో మాత్రం రాళ్ల కింద కొన్నే. డామ్సెల్స్ వాటిని తింటున్నాయి. రెండు డామ్సెల్స్‌ను ఇంకొకరికి ఇచ్చేయమన్నాను, ఆయన ఒప్పుకున్నారు. పైట్యాంక్ వెనక మూలలో చిన్న రాళ్లతో ఒక గుట్ట పేర్చాం, చేపలు దూరలేని సందులు ఉండేలా. అక్కడ కూడా అద్దం మీద కోపీపాడ్‌లు నెలల తరబడి ఒకేలా కనిపిస్తూ ఉంటేనే మ్యాండరిన్ తెద్దామని, కొనే ముందు షాపులో అది ఫ్రోజెన్ తింటోందో లేదో నిలబడి చూద్దామని ఇద్దరం అనుకున్నాం.